పాత కారుకు సొట్ట పడితే: సుత్తా, లప్పమా, కొత్త రేకా?

అంబాసిడర్ మడ్‌గార్డుకో, ప్రీమియర్ పద్మిని డోర్‌కో సొట్ట పడిందంటే సలహాలకు కొదవ ఉండదు. పెయింటర్ ‘లప్పం పెట్టేద్దాం సార్, రేపు సాయంత్రానికి బండి తీసుకెళ్ళండి’ అంటాడు. టింకరింగ్ మేస్త్రీ ‘అంత ముక్క కోసేసి కొత్త రేకు వేస్తే పీడా పోతుంది’ అంటాడు. పెయింట్ చెడకుండా సొట్టలు తీసే కుర్రాడు గంటలో లాగేస్తానంటాడు. పాత కార్ల పిచ్చి ఉన్న పెద్దాయన ఎవరైనా తగిలితే సీసం పోయించమంటాడు. వీళ్ళలో ఎవరూ మోసం చేయడం లేదు. ఎవరికి వచ్చిన పని వాళ్ళు చెబుతున్నారు, అంతే. మీ సొట్టకు ఏ పని సరిపోతుందో తేల్చుకోవాల్సింది మాత్రం మీరే.

కొత్త కారుకైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. షోరూమ్‌లో డోర్ ఆర్డరిస్తే వస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకంటే చాలా ముందే ఆగిపోయింది. అందుకే నా లెక్క ఒకటే: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రేకు ఎంత ఎక్కువ మిగిలితే అంత మంచి రిపేరు. ఖర్చు, టైము, మెరుపు దాని తర్వాతే. కొన్ని సొట్టల దగ్గర ఈ లెక్క కూడా పనిచేయదు, అవేమిటో కింద చెబుతాను.

## షెడ్డుకు వెళ్ళేముందు చూసుకోవాల్సినవి

వెనక నుంచి చెయ్యి అందుతుందా? అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మడ్‌గార్డు అయితే చక్రం విప్పితే చాలు, కింద నుంచి చెయ్యి దూరుతుంది. డోర్ అయితే లోపలి ప్యాడ్ విప్పి, ఫ్రేమ్‌లోని ఖాళీల గుండా అందుకోవాలి. అద్దం దిగే చోట కష్టం, కింద సగం కాస్త సులువు. డోర్ కింద నడిచే సిల్, పిల్లర్లు, డబుల్ రేకు ఉన్న చోట్ల వెనక నుంచి ఏమీ చేయలేం. చెయ్యి అందని చోట సుత్తి గురించి మాట్లాడుకోవడం దండగ.

రేకు వంగిందా, సాగిందా? ఎవరో మోకాలు ఆనించినట్టు వెడల్పుగా, లోతు లేకుండా ఉన్న సొట్టలో రేకు వంగిందే తప్ప పెద్దగా సాగి ఉండదు. గేటు మూల గుచ్చుకున్నట్టు ఇరుకుగా, లోతుగా, మడత పడి ఉంటే సాగినట్టే. సాగిన రేకును వెనక్కి కొట్టినంత మాత్రాన సరిపోదు, మళ్ళీ కుదించాలి. అందరి చూపూ సొట్ట మధ్యలోని గుంట మీదే పడుతుంది కానీ, గట్టిపడిన రేకు ఉండేది గుంట చుట్టూ లేచిన గట్టులో. ఆ గట్టే గుంటను పైకి రానివ్వకుండా పట్టి ఉంచుతుంది.

లోపల ఇప్పటికే ఏముంది? ఇన్నేళ్ళు తిరిగిన బండి, అందులోనూ ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగిందంటే, లప్పం లేకుండా ఉండటం అరుదు. పలచటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి బాడీ మీద నెమ్మదిగా జరపండి. పట్టు సడలిన చోట అడుగున లప్పమో సీసమో ఉన్నట్టు. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100-150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. 300 దాటితే మళ్ళీ పెయింట్ పడిందని, 1000 దాటితే లప్పం ఉందని అనుకోవచ్చు.

తుప్పు ఉందా? వెనక వైపు నుంచి స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. రేకు పొలుసులుగా రాలినా, మొన దిగినా, ఇక అది సొట్ట సమస్య కాదు.

పెయింట్ ఒరిజినలా? ఆనాటి పెయింట్ ఇంకా మిగిలి ఉన్న కారు ఇవాళ అరుదు. ఆ పెయింట్‌ను కాపాడటం సొట్ట తీయడం కంటే ముఖ్యం కావచ్చు.

గీత మీద పడిందా, మైదానంలోనా? అంబాసిడర్ మడ్‌గార్డులోని గుండ్రటి ఒంపు కొంత తేడాను కడుపులో దాచుకుంటుంది. పద్మిని పక్క భాగంలోని పొడవాటి గీత దాచదు. పొద్దుటి ఏటవాలు ఎండలో అర మిల్లీమీటరు తేడా కూడా బయటపడిపోతుంది.

రిజిస్ట్రేషన్ సంగతి కూడా చూసుకోండి. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన బండికి 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల కింద ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబర్ తీసుకోవచ్చు. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చకుండా ఒరిజినల్ రూపంలో ఉంచాలన్నది అందులో షరతు. ఆ ఆలోచన ఉంటే ఏ రిపేరుకైనా ముందు, మధ్యలో, తర్వాత ఫొటోలు తీసి దాచుకోండి.

## ముట్టుకోకుండా వదిలేయడం

దీన్ని ఎవరూ ఒక మార్గంగా లెక్కేయరు, దీని మీద ఎవరికీ పైసా రాదు కదా. పెయింట్ పగలకపోతే, తుప్పు లేకపోతే, పెయింట్ ఒరిజినల్ అయితే, అరచేతిలో పట్టేంత సొట్టను నేను వదిలేయమనే చెబుతాను. అమెరికాలోని పెబుల్ బీచ్ లాంటి పాత కార్ల పోటీల్లో రీస్టోర్ చేయకుండా మిగిలిన కార్లకు ప్రిజర్వేషన్ పేరుతో విడి విభాగాలే ఉన్నాయి. సొట్టను ఎప్పుడైనా తీయించుకోవచ్చు. ఫ్యాక్టరీ పెయింట్ పోతే మళ్ళీ తేలేం.

పెయింట్ పగిలి రేకు కనిపిస్తుంటే మాత్రం వదలొద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో బయటపడిన రేకు ఒక్క వానాకాలం కూడా ఆగదు.

## పెయింట్ చెడకుండా తీయడం

వెనక నుంచి సన్నటి కడ్డీలతో నెమ్మదిగా నొక్కడమో, పైనుంచి జిగురుతో ట్యాబ్ అతికించి లాగడమో చేస్తారు. పెయింట్ అక్కర్లేదు, లప్పం అక్కర్లేదు. కుదిరితే ఇంతకంటే మంచి పని లేదు.

పాత కార్లకు కుదరడం దగ్గరే చిక్కు. ఈ పద్ధతిలో రేకుతో పాటు పెయింట్ కూడా సాగి మళ్ళీ సర్దుకోవాలి. దశాబ్దాల కిందటి డ్యూకో (నైట్రోసెల్యులోజ్ రకం) పెయింట్ ఎండి పెళుసుబారి ఉంటుంది, నొక్కితే సన్నటి పగుళ్ళు వస్తాయి. జిగురుతో లాగడం మరీ రిస్క్. మధ్యలో ఎవరైనా సరిగ్గా అంటని పెయింట్ వేసి ఉంటే ట్యాబ్‌తో పాటు అదీ ఊడొస్తుంది. అడుగున లప్పం ఉంటే అసలు ప్రయత్నించకూడదు. పైగా పాత రేకు మందం ఎక్కువ. ఆ కాలపు కార్లలో సాధారణంగా 20 గేజ్, అంటే 0.9 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. ఇప్పటి కార్లలో 0.7 దగ్గర. అలవాటైన బలం చాలక, తెలియని కుర్రాడు కడ్డీతో గట్టిగా పొడిస్తే బయటకు చిన్న చిన్న మొటిమలు లేస్తాయి.

మంచి పెయింట్, మడత లేని వెడల్పు సొట్ట, వెనక నుంచి దారి, ఈ మూడూ ఉంటే ముందు దీన్నే అడగండి. ఒక్కటి తగ్గినా మానుకోండి.

## సుత్తి, డాలీ: అసలైన టింకరింగ్

రేకు పని అంటే ఇదే. పాత కార్లకు నేను ఎక్కువగా మొగ్గేది కూడా దీనివైపే. ఆ కాలపు రేకు మెత్తటి మామూలు స్టీలు, కొడితే మాట వింటుంది. ఇప్పటి కార్లలోని గట్టి స్టీలు అంత సులువుగా వినదు.

మంచి మేస్త్రీని పని మొదలెట్టే తీరులోనే పోల్చుకోవచ్చు. వచ్చీ రాగానే గుంట మధ్యలో సుత్తి వేయడు. ముందు వెనక పేరుకున్న తారు, మట్టి గీకి శుభ్రం చేస్తాడు. రేకు ఒంపుకు సరిపడే డాలీ (చేతిలో పట్టే చిన్న ఇనుప దిమ్మ) ఎంచుకుంటాడు. దాన్ని వెనక నుంచి గుంటకు ఆనించి పట్టి, బయట నుంచి సుత్తితో పక్కనున్న గట్టు మీద తడతాడు. గట్టు దిగుతుంటే డాలీ ఒత్తిడికి గుంట దానంతట అదే పైకొస్తుంది. దెబ్బ తగిలినప్పుడు చివర వచ్చిన మడతను ముందు విప్పాలి, మొదట వచ్చినదాన్ని ఆఖరున. ఈ వరస తప్పితే రేకు పీకులాడుతుంది.

చెవి కూడా పనిచేయాలి. సుత్తి కింద సరిగ్గా డాలీ ఉంటే ‘టంగ్’మని మోగుతుంది, లేకపోతే ‘టప్’మని మొద్దుగా వినిపిస్తుంది. డాలీ మీద నేరుగా కొట్టే ప్రతి దెబ్బకూ రేకు కాస్త పలచబడి సాగుతుంది. కాబట్టి పనిలో ఎక్కువ భాగం ‘టప్’ వినిపించాలి, ‘టంగ్’ చివరి సర్దుబాటుకే. షెడ్డులో అరగంట పాటు టంగ్ టంగ్ తప్ప ఇంకేమీ వినపడకపోతే మీ రేకు సాగిపోతోందని అర్థం.

తర్వాత ఆకురాయితో పైపైన ఒక చుట్టు లాగితే ఎత్తున్న చోట్లు మెరుస్తాయి, పల్లం ఉన్నచోట మెరుపు రాదు. ఆ పల్లాల్ని మళ్ళీ లేపుతాడు. ఆకురాయి ఉన్నది చూడటానికే, అరగదీయడానికి కాదు. 0.9 మి.మీ. రేకులో అరగదీయడానికి ఏముంది?

సాగిన చోట వేలితో నొక్కితే పాత నూనె డబ్బా అడుగులా టపటపలాడుతుంది. దాన్ని కుదించాలంటే రూపాయి బిళ్ళంత చోటును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, చుట్టూ తేలిగ్గా తట్టి, తడిగుడ్డతో చల్లార్చాలి. కొద్దికొద్దిగా చేయాలి, అంతా ఒకేసారి కాలిస్తే ఇంకా వంకరపోతుంది. దగ్గర్లో పెట్రోల్ ట్యాంకు, వైరింగ్, వెనక తారు పూత లేకుండా చూసుకోవాలి. తారుకు నిప్పంటుకోవడం షెడ్లలో కొత్త కాదు.

బాగా చేస్తే చివరకు పలచటి కోటు లప్పమో, వట్టి ప్రైమరో చాలు. చిక్కల్లా మేస్త్రీ దొరకడం దగ్గరే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట టింకరింగ్ షెడ్లు బోలెడు, కానీ ప్యానెల్ మార్చేయడమే పనిగా మారిన ఈ రోజుల్లో డాలీ పట్టే చేతులు తగ్గిపోతున్నాయి. వయసు మళ్ళిన మేస్త్రీ, పాత బస్సులూ లారీల బాడీ పని చేసినవాడు దొరికితే వదలకండి. టైము ఎక్కువడుగుతాడు, ఇవ్వండి.

## పిన్ను అతికించి లాగడం

చెయ్యి అందని చోటికి ఇదే గతి. రేకు మీద చిన్న పిన్నులో, రింగులో స్పాట్ వెల్డ్ చేసి, స్లైడ్ హామర్‌తో (కడ్డీ మీద బరువు జారి వెనక్కి గుంజే పనిముట్టు) బయటకు లాగుతారు. తర్వాత పిన్ను కోసి గ్రైండ్ చేస్తారు. వెనక్కి దారి లేని సిల్‌కు, వెనక పిల్లర్‌కు బాగా పనికొస్తుంది.

రెండు జాగ్రత్తలు. పాత పద్ధతిలో రేకుకు బెజ్జాలు వేసి స్క్రూతో లాగేవాళ్ళు, ఇప్పటికీ కొందరు లాగుతారు. ఆ బెజ్జాలు తర్వాత లప్పం కిందకు నీళ్ళు తెచ్చే దారులవుతాయి, ఒప్పుకోకండి. ఇక పిన్ను అతికిన ప్రతిచోటా వెనకవైపు పెయింట్ కాలిపోతుంది. మూసుకుపోయిన సందులో అది కనబడదు, తుప్పు అక్కడే మొదలవుతుంది. పని అయ్యాక లోపలికి పొడవాటి గొట్టంతో మైనం లాంటి తుప్పు నిరోధకం కొట్టించాలి.

## లప్పం

లప్పాన్ని తిట్టడం పాత కార్లవాళ్ళకు ఒక సరదా. నాకు ఆ కోపం లేదు. రేకును దాని ఎత్తుకు తెచ్చాక మిగిలిన చిన్న ఎగుడుదిగుడుకు పాలియెస్టర్ లప్పం మంచి వస్తువే. గుంటను అలాగే ఉంచి లప్పంతో నింపేయడంతోనే నాకు పేచీ. పని అయ్యాక మిగిలే మందం 3 మి.మీ. దాటకూడదు, ఒక మిల్లీమీటరు లోపుంటే ఇంకా మేలు. మందం పెరిగేకొద్దీ ఎండలో రేకు ఒకలా, లప్పం ఒకలా వ్యాకోచించి అంచు దగ్గర గీత తేలుతుంది, తర్వాత పగులుతుంది.

లప్పం నీళ్ళు పీలుస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. దాని మీద నేరుగా వాటర్ పేపర్ వేసి నీళ్ళతో రుద్దడం మన షెడ్లలో మామూలే. ఆ తడి అడుగున రేకు దాకా వెళ్ళి, కొన్నాళ్ళకు పెయింట్ మీద పొక్కులు లేస్తాయి. లప్పాన్ని పొడిగానే రుద్ది, ప్రైమర్ పడ్డాకే నీళ్ళు వాడమని ముందే చెప్పండి. తుప్పు బెజ్జం మీద లప్పం పెట్టడం గురించి అయితే మాట్లాడాల్సిందే లేదు, అది మూత, రిపేరు కాదు.

## సీసం

పాలియెస్టర్ రాకముందు లప్పం పని చేసింది సీసమే. అమెరికా, యూరప్ ఫ్యాక్టరీల్లోనే కొన్ని కార్ల బాడీ అతుకుల మీద సీసం పూసి పంపేవాళ్ళు. సుమారు 70 పాళ్ళు సీసం, 30 పాళ్ళు తగరం కలిసిన కడ్డీ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలై, ఇంకా చాలా పైకి వెళ్ళేదాకా వెన్నలా సాగుతూ ఉంటుంది. ఆ స్థితిలో నూనె రాసిన చెక్క బద్దతో సర్దుతారు. నీళ్ళు పీల్చదు, అంచుల దగ్గర పెచ్చులూడదు, డోర్ అంచు లాంటి రోజూ దెబ్బలు తగిలే చోట లప్పం కంటే గట్టిగా నిలుస్తుంది.

మన దగ్గర ఈ పని తెలిసినవాళ్ళు చాలా తక్కువ. సీసం విషం, దాన్ని గ్రైండర్‌తో రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. చేత్తో ఆకురాయి పట్టి మాత్రమే సర్దాలి. సీసం అంటుకోవడానికి ముందు రాసే ఫ్లక్స్ సరిగ్గా కడగకపోతే పెయింట్ కింద పొక్కులు ఖాయం. ఏడాదికోసారి పోటీకి తీసే విదేశీ కారు ఉంటే ఆలోచించండి. మిగతావాళ్ళకు ఇది పెద్దాయన కబుర్లలో వినడానికి బాగుంటుంది.

## కోసి అతకడం, ప్యానెల్ మార్చడం

మొదట్లో చెప్పిన లెక్క పనిచేయనిది ఇక్కడే. రేకును తుప్పు తినేసి ఉంటే, రేకు చిరిగిపోతే, మడత మీద మడత పడి కాగితంలా నలిగితే, అక్కడ కాపాడటానికి ఒరిజినల్ రేకే లేదు. కోయాల్సిందే. చెడినంత మేరే కోసి, అదే మందం రేకును అదే ఒంపుకు మలిచి అతకమనండి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికితే ఆ సందులో నీళ్ళు నిలుస్తాయి, అంచుకు అంచు చేర్చి అతకడమే మేలు. గ్యాస్ వెల్డింగ్ అతుకు మెత్తగా ఉండి తర్వాత సుత్తికి లొంగుతుంది కానీ వేడి ఎక్కువై చుట్టూ వంకర పోతుంది. సీఓటూ వెల్డింగ్‌లో వేడి తక్కువ, అతుకు గట్టిగా పెళుసుగా ఉంటుంది. ఏదైనా సరే, చుక్కలు చుక్కలుగా, దూరం దూరంగా పెట్టి, చల్లారనిచ్చి మధ్య ఖాళీలు పూడ్చాలి.

మొత్తం ప్యానెల్ మార్చాలంటే, బోల్టులతో ఊడే బానెట్, డిక్కీ, డోర్ లాంటివి సులువు. పాత బండ్లు విడగొట్టే షెడ్లలో దొరికే ఫ్యాక్టరీ ప్యానెల్ చిన్న సొట్టలున్నా, కొత్తగా చేసి అమ్మే నకలు రేకు కంటే నయం. నకలు పలచగా ఉంటుంది, బెజ్జాలు కలవవు, డోర్ పక్కన సందు ఒకచోట వేలు దూరేంత, ఇంకోచోట గోరు దూరనంత వస్తుంది. పెయింట్ వేయకముందే బిగించి సందులు చూసుకోవాలి. ఊడదీసిన పాత ప్యానెల్‌ను మాత్రం పారేయొద్దు, అటక మీద పెట్టండి.

## ఒక్క చూపులో

| మార్గం | వెనక నుంచి దారి కావాలా? | పెయింట్ మిగులుతుందా? | ఒరిజినల్ రేకు | ఖర్చు | ఎక్కడ తేడా కొడుతుంది |
|---|---|---|---|---|---|
| వదిలేయడం | వద్దు | మిగులుతుంది | మొత్తం | లేదు | పెయింట్ పగిలి ఉంటే తుప్పు |
| పెయింట్ చెడకుండా | కడ్డీకి కావాలి, జిగురుకు వద్దు | అదృష్టం ఉంటే | మొత్తం | మధ్యస్థం | పెళుసు పెయింట్, పాత లప్పం |
| సుత్తి, డాలీ | తప్పనిసరి | పోతుంది | దాదాపు మొత్తం | కూలి ఎక్కువ | రేకు సాగడం |
| పిన్ను లాగడం | వద్దు | పోతుంది | దాదాపు మొత్తం | మధ్యస్థం | వెనక కాలిన పెయింట్ |
| లప్పం మాత్రమే | వద్దు | పోతుంది | ఉంటుంది, వంకరగానే | తక్కువ | పగుళ్ళు, పొక్కులు |
| సీసం | వద్దు | పోతుంది | ఉంటుంది | ఎక్కువ | విషం, పనివాడు దొరకకపోవడం |
| కోసి అతకడం | ఉంటే మంచిది | పోతుంది | కోసినంత పోతుంది | ఎక్కువ | వేడికి వంకర |
| ప్యానెల్ మార్చడం | వద్దు | పోతుంది | ఆ ప్యానెల్ పోతుంది | దొరికినదాన్ని బట్టి | సందులు కలవకపోవడం |

## ఎవరికి ఏది

రోజూ నడిపేవాళ్ళకు. సుత్తితో ముప్పావు వంతు లేపి, పైన పలచగా లప్పం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. సొట్ట మళ్ళీ పడుతుంది, ట్రాఫిక్ అలాంటిది.

తాతగారి కారు ఇంట్లో నిలబెట్టుకున్నవాళ్ళకు. తొందర లేదు కాబట్టి మంచి మేస్త్రీ కోసం ఆగండి. ఈలోగా పగిలిన చోట ప్రైమర్ తాకించి ఉంచండి, చాలు.

పోటీలకు, వింటేజ్ నంబర్‌కు సిద్ధం చేసేవాళ్ళకు. రేకు పని మాత్రమే. లప్పం ఎంత మందం ఉందో జడ్జి అయస్కాంతం పెట్టకపోయినా, రేపు కొనేవాడు పెడతాడు.

అమ్మేద్దామనుకునేవాళ్ళకు. వీలైతే సొట్టతోనే అమ్మండి. తెలిసిన కొనుగోలుదారు కొత్తగా మెరిసే ప్యానెల్‌ను చూస్తే సంతోషించడు, కింద ఏం దాచారోనని టెన్షన్ పడతాడు. కనిపించే సొట్టకు ధర తగ్గిస్తాడు, కనిపించనిదానికి అంతకంటే ఎక్కువ తగ్గిస్తాడు.

ఇన్సూరెన్స్ మీద చేయించేవాళ్ళకు. మామూలు పాలసీలో 10 ఏళ్ళు దాటిన బండి ఇనుప భాగాలకు 50 శాతం తరుగుదల కోస్తారు, కూలికి కోయరు. అంటే ప్యానెల్ మార్చడం కంటే చేతిపనితో బాగుచేయించడంలోనే మీ జేబుకు తక్కువ తగిలే వీలుంది. సర్వేయర్ వచ్చి చూసేదాకా సుత్తి ముట్టనివ్వకండి.

## బేరం కుదిరే ముందు

మేస్త్రీని రెండు విషయాలు అడిగితే చాలు. లప్పం పెట్టేముందు వట్టి రేకు మీద పని చూపిస్తావా అని. తలూపితే అతను రేకు పనివాడు. ‘పెయింట్ అయ్యాక చూడండి సార్, అద్దంలా ఉంటుంది’ అంటే ఇంకో షెడ్డు చూసుకోండి. రెండోది, రేకు బయటపడిన రోజే ప్రైమర్ కొడతావా అని. ఎపాక్సీ ప్రైమర్ అయితే మంచిది. మామూలు ప్రైమర్ తేమను పూర్తిగా ఆపదు, దాంతో వారాల తరబడి షెడ్డు బయట నిలబెడితే ఉపయోగం లేదు.

పెయింటర్‌తో వేరే మాట. అడుగున పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ ఉంటే దాని మీద పీయూ (పాలీయురేథేన్) పెయింట్ పడగానే ముడతలు లేవొచ్చు, కనబడని చోట చిన్నగా కొట్టి చూడమనండి. రంగు డబ్బా మీది పేరును బట్టి కలపనివ్వకండి. ఇన్నేళ్ళ ఎండకు మీ కారు రంగు మారిపోయి ఉంటుంది, పక్క ప్యానెల్‌ను కాస్త పాలిష్ చేసి దానికి కలపాలి.

ఆఖరుగా, డోర్ ప్యాడ్ మూసే ముందు ఒకసారి వెళ్ళి లోపలికి టార్చ్ వేసి చూడండి. సుత్తి పని జరిగిన చోట వెనక పెయింట్ రాలి ఉంటుంది. అక్కడ ప్రైమర్, దాని మీద మైనం పూత పడ్డాయా, డోర్ అడుగున నీళ్ళు పోయే బెజ్జాలు లప్పంతోనో పెయింట్‌తోనో మూసుకుపోలేదు కదా అని చూసుకున్నాకే మిగతా డబ్బులివ్వండి.